వదిన ఉద్యోగంలో చేరిన సోమవారం

నిన్న గోదావరి స్టేషన్ దగ్గర పాత పుస్తకాలవాడితో బేరమాడుతుంటే ఆ నవల కనిపించింది. అంతవరకూ సగానికి సగం అడుగుతున్న నా నోరు ఆ అట్ట చూడగానే మూతపడింది. అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను. బట్టల కొట్టు ఇంట పుట్టినదాన్ని, మా నాన్న చూసుంటే వెలేసేవాడు.

రెండేళ్ల క్రితం ఆ నవల చదవని ఆడవాళ్లు మా ఊళ్లో లేరు. మేం నలుగురైదుగురం ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య చీరల కొట్టు మేడమీద చేరేవాళ్లం. చుట్టూ మూటలు, కొత్త గంజి వాసన, కింద అన్నయ్య సరుకు సర్దుకునే చప్పుడు. నవలలో ఒక కోడలు ఇంట్లో వద్దంటున్నా కుట్టు ఫ్యాక్టరీలో చేరుతుంది. "ఒకేసారి అంత గట్టిగా చెప్పేయడమేంటండి? ముందు ఒక పూటకేనని మొదలెట్టి మెల్లగా పెంచుకోవాలి గానీ" అన్నాను నేను. "ఉద్యోగమేమన్నా చీరా అండి, బేరమాడ్డానికి?" అన్నారు రిటైరైన టీచరుగారు. అందరం నవ్వాం. మా వదిన నవ్వలేదు. "ఆ పిల్ల భయం వెళ్లడానికి కాదండి. సాయంత్రం తిరిగొస్తే తలుపు తీస్తారో లేదోనని. నాకూ అదే భయం. రేపు దానవాయిపేటలో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో చేరుతున్నాను" అంది.

మెట్ల మీద అన్నయ్య నిలబడి ఉన్నాడు. టీచరుగారి చేతిలో పకోడీ నోటిదాకా వెళ్లి ఆగింది. అన్నయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. "వెళ్తే వెళ్లు. సాయంత్రం మళ్లీ ఇటు రానక్కర్లేదు" అని దిగిపోయాడు.

మా ఇళ్లలో మొదటి మాట ఎప్పుడూ అసలు మాట కాదు. కొనేవాళ్లు విసురుగా గుమ్మం దిగుతారు, పక్క కొట్టు దాటేలోపు మేం వెనక్కి పిలుస్తాం. ఆ సంగతి కొనేవాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. అదే వదినకు చెప్పబోయాను. ఆవిడ బడిపంతులు కూతురు. "మా ఇంట్లో చెప్పిందే మాట" అంది.

మర్నాడు నేను పొద్దున్నే కొట్టులో తిష్ఠ వేశాను. వదిన టిఫిన్ డబ్బాతో వీధిలోకి దిగింది. ఆగుతుందేమోనని అన్నయ్య గల్లా దగ్గరనుంచి చూస్తున్నాడు. పిలుస్తాడేమోనని ఆవిడ నెమ్మదిగా నడుస్తోంది. పక్క కొట్టు దాటింది. మలుపూ దాటింది.

సాయంత్రం ఆరయింది, ఏడయింది. వదిన ఫోన్ స్విచాఫ్. అన్నయ్య ఒకే చీర మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు. గోదావరి ఒడ్డునున్న ఊళ్లో ఆడమనిషి ఇంటికి రాకపోతే ఆలోచన ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. "రానక్కర్లేదన్నది ఉత్త మాటని నువ్వైనా చెప్పొచ్చు కదే" అన్నాడు చివరికి.

అప్పుడు టీచరుగారు ఫోన్ చేశారు. "మీ వదినగారు మా అరుగు మీద కూర్చున్నారండి. ఇంటికి రావద్దన్నారట కదా?"

అన్నయ్య కొట్టు అలాగే వదిలేసి చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. వెళ్లిపోయిన మనిషి కోసం వీధి దాటి పోవడం మా వంశంలో అదే మొదలు. నేను రొప్పుతూ చేరేసరికి అరుగు ముందు నిలబడి ఉన్నాడు.

"ఇంటికి పద."

"రేపు మళ్లీ వెళ్లాలండి" అంది వదిన, కూర్చున్నచోటినుంచి కదలకుండా.

అన్నయ్య నోరు తెరిచాడు. ఏ షరతు బయటికొస్తుందోనని నేను వాడి ముఖంలోకే చూశాను.

"వెళ్దువుగానిలే. ముందు ఇంటికి పద" అన్నాడు.

వదిన ఇప్పటికీ వెళ్తూనే ఉంది. కాస్త ఆలస్యమైతే చాలు, అన్నయ్య గుమ్మంలోకి వస్తాడు, నేను ఫోన్ తీస్తాను. ఒక్క సాయంత్రం పట్టుకున్న భయం వదలడానికి ఈ రెండేళ్లూ చాలలేదు.