పుస్తకంలో లేని ఎత్తు

చిన్నప్పుడు హామిల్టన్‌లో, ఆదివారం ఇడ్లీ పళ్లెం కంటే ముందు చదరంగం బోర్డు బల్ల మీదికి వచ్చేది...

నాన్న సెకండ్ హ్యాండ్‌లో ఒక లావుపాటి పుస్తకం కొన్నారు. గొప్ప ఆటగాళ్ల ఆటలు, ప్రతి ఎత్తు కిందా అది ఎందుకు వేశారో వివరణ. నాన్న మాత్రం వివరణలు వదిలేసి, ఉత్త ఎత్తులు నా నోట్‌బుక్‌లోకి ఎక్కించేవారు. ఎక్కాల్లా అప్పజెప్పాలి! పుస్తకం మాత్రం ఆయన ఒళ్లోనే.

"బంటుని ఊరికే ఎందుకిచ్చేశాడు నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"ముందు నోటికి రానీమ్మా. అర్థం అదే తెలుస్తుంది."

ఒళ్లు మండిపోయేది. పక్కింటి పిల్లలు ట్రాంపొలీన్ మీద ఎగురుతుంటే, నాకేమో ఎవరో ఎప్పుడో ఆడేసిన ఆటలు బట్టీ పట్టే ఖర్మ...

ఆ ఏడాది స్కూల్ టీమ్‌లో ఒక్క చోటు మిగిలింది. దానికి నాకూ, మా క్లాసు రూబీకీ ఒకే ఒక్క ఆట. గెలిస్తే టీమ్‌తో ఆక్లాండ్ ప్రయాణం, వీపు మీద నా పేరున్న టీమ్ హుడీ. ఆ హుడీ కోసం ప్రాణం పెట్టేశాను. నలభై ఆటలు నోటికొచ్చు, నాకేం భయం?

మూడో ఎత్తుకే రూబీ అంచున ఉన్న బంటును ఒక గడి ముందుకు జరిపింది. నా నోట్‌బుక్‌లో అలాంటిది లేనే లేదు! ఏం చేయాలో తోచక, అదేమీ జరగనట్టే నాకొచ్చిన ఎత్తు వేసేశాను. నా గుర్రం నేరుగా వెళ్లి ఆ బంటు నోట్లో పడింది. రూబీ "సారీ" అంటూ దాన్ని తీసి పక్కన పెట్టింది. ఆటతో పాటు చోటూ పోయింది, హుడీ కూడా పోయింది.

కార్లో ఏడుస్తూ అరిచాను. "ఆ ఎత్తు అసలు మనదాంట్లో లేదు నాన్నా!"

"ఉండే ఉంటుంది. నువ్వే సరిగ్గా చూసుకోలేదు."

"ఇంకెప్పుడూ ఆడను!"

అన్నంత పనీ చేశాను... ఆయన రెండు మూడు ఆదివారాలు బోర్డు పరిచి కూర్చున్నారు. తర్వాత మానేశారు.

మొన్న నాన్న వాళ్ల గరాజ్ సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. మొదటిసారి నేనే తెరిచాను. వివరణల పక్కన అంచుల నిండా పెన్సిల్‌తో నాన్న చేతిరాత. "ఎందుకు?" "మళ్లీ చూడాలి." "బోధపడలేదు." ఆ బంటును ఇచ్చేసిన చోట ఇలా ఉంది: "పాప అడిగింది. నాకూ తెలియలేదు."

ఎంత కోపం వచ్చిందో! ఆ ఒక్క మాట అప్పుడే నాతో అనుంటే, ఇద్దరం కలిసి తల బద్దలు కొట్టుకునేవాళ్లం కదా...

ఇప్పుడు ప్రతి ఎత్తుకూ కారణం ఫోన్‌లో చెస్ యాప్ చెప్పేస్తోంది. నాకేమో నాన్న పక్కన కూర్చుని, ఇద్దరికీ తెలియని ఎత్తు గురించి కలిసి తల గోక్కోవాలని ఉంది. మీ ఇంట్లోనూ "నాకు తెలీదు" అనలేకపోయిన నాన్న ఉన్నారా? చెప్పండి...