సార్ ఊళ్ళో లేనప్పుడు గుచ్చిన తీగ

మా నెట్‌వర్కింగ్ సార్ పోయారని సోమవారం పొద్దున మార్టూరు నుంచి ఫోను వచ్చింది. గుండెపోటు. యాభై కూడా నిండలేదు. అక్కడొక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో కంప్యూటర్లు చూసుకునేవారు. పాఠాలు చెప్పే మనిషికి ఆ రాతిదుమ్ములో ఏం పని అని మీరడగవచ్చు. అదే చెబుతాను. చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గుంటూరు దగ్గర మేం చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన ల్యాబ్ ఇన్‌ఛార్జి. మాలో చాలామందిమి మిర్చి, పత్తి వేసే ఇళ్ళ పిల్లలం. వీలాన్, ట్రంక్ లాంటి మాటలు పుస్తకంలో చూసి బిక్కమొహాలు వేస్తే ఆయన నవ్వేవారు.

"ఏరా, మీ నాన్న మిర్చి టిక్కీ బస్తాల మీద ఏం రాస్తాడు?"

"పేరులో మొదటి అక్షరాలండి. ఒకే లారీలో నలుగురి సరుకూ యార్డుకెళ్తుంది కదండీ, కలిసిపోకుండా."

"ట్రంక్ అంటే అదేరా. తీగ ఒక్కటే, అందులో వెళ్ళే గుంపులు నాలుగు. ఒక్కో గుంపూ ఒక వీలాన్. అవతల తీగలన్నీ కలిసే పెట్టె ఉంటుందే, స్విచ్, అది గుర్తు చూసి ఎవరిది వాళ్ళకి దించుతుంది."

నాకు ఇవాళ తిండి పెడుతున్న చదువు అదే.

ప్రతి తీగకూ రెండు కొసలా తెల్ల ప్లాస్టరు చుట్టి పేరు రాసేవారు. "తీగ ముట్టుకునే ముందు రెండో కొస ఎక్కడుందో చూడండి" అని ప్రతి క్లాసులోనూ అనేవారు. మేం విసుక్కునేవాళ్ళం. ఆయన టీ తాగరు, మాకు మాత్రం ఇప్పించేవారు.

ఒకే తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెడితే వెళ్ళిన సందేశమే తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి, ఇక అంతూ పొంతూ ఉండదు. దాన్ని లూప్ అంటారు. అలా జరిగితే ఒక దారిని తనంతట తనే మూసేసే ఏర్పాటు కొన్ని స్విచ్‌లలో ఉంటుంది, స్పానింగ్ ట్రీ అని. అలాంటిది కొనమని సార్ మొత్తుకున్నారు. యాజమాన్యం చవక రకం తెచ్చింది.

ఆ దసరాకి సార్ కనిగిరి దగ్గర తన ఊరికి వెళ్ళారు. ల్యాబ్‌లో ఆయుధపూజ చేశారు. మిషన్లన్నీ తుడిచి పసుపు కుంకుమలు పెట్టారు. స్విచ్ దగ్గర ఒక తీగ కొస వేలాడుతోంది. కాలేజీ నడిపే కరస్పాండెంటు గారి బావమరిది దాన్ని ఖాళీగా ఉన్న పోర్టులో గుచ్చారు. దాని రెండో కొస అదే స్విచ్‌లో ఉంది.

సెలవుల తర్వాత యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు ఒక్క కంప్యూటరూ పలకలేదు. స్విచ్ మీద దీపాలు పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. సార్ ఒక్కో తీగా వెతికి, ఆ కొస పీకగానే అన్నీ లేచాయి. వాళ్ళు అప్పటికే మొహం చిట్లించుకుని బయటికి నడిచారు.

"వేలాడుతుంటే చూడ్డానికి బాగోలేదని నేనే పెట్టాను బావా" అని బావమరిది గారు మా అందరి ముందే అన్నారు. కరస్పాండెంటు గారు మాత్రం సార్ వైపు తిరిగి, "పూజకి నువ్వుండుంటే ఇలా జరిగేదా?" అన్నారు. సాయంత్రానికి సార్ ఉద్యోగం ఊడింది. మేం వెళ్ళి కరస్పాండెంటు గారిని అడిగితే, "మీ చదువు మీరు చూసుకోండి" అని పంపేశారు. తర్వాత ఆయన ఏ కాలేజీ గడప తొక్కినా, ఆయనకంటే ముందే అక్కడికి మా కాలేజీ నుంచి ఫోను వెళ్ళేది. అలా మార్టూరు చేరారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నిన్న సమాధుల దగ్గర పాస్టరు గారు ప్రార్థన ముగించాక కాలేజీ కారు వచ్చి ఆగింది. పెద్ద బంతిపూల దండతో ఆ బావమరిది గారే దిగారు. "ఎంత గొప్ప మేష్టారమ్మా! మా కాలేజీకే పేరు తెచ్చారు" అన్నారు సార్ భార్యతో.

ఆవిడ ఏడవలేదు. "ఆ తీగ నేనే పెట్టానని మీ బావగారితో ఇంకొక్కసారి గట్టిగా చెప్పుంటే సరిపోయేదండి. దండ తీసుకెళ్ళండి" అంది.

ఆయన దండతోనే కారెక్కారు. వెనక అద్దం దగ్గర పెట్టిన ఆ పచ్చటి బంతిపూలు, రాళ్ళ లారీ ఒకటి అడ్డం వచ్చేదాకా మాకు కనబడుతూనే ఉన్నాయి.