మోకాలి నొప్పి

దొయిమతి వయస్సు తొమ్మిది సంవత్సరాలు. నివాసం అరకు లోయకు ఎగువనున్న ఒక గూడెం. నొప్పి కలిగినప్పుడు ఈ బాలిక ఏడ్వదు. పొయ్యి పక్కన చూరులో దోపిన కొడవలి వైపు ఒకసారి చూసి, చల్లని నీళ్ల బిందెను కడుపుకు ఆనించుకొని, ముడుచుకొని కూర్చుంటుంది. నిరుడు అన్న సురేంద్రకు కడుపునొప్పి వచ్చినప్పుడు, నాయనమ్మ కనక ఆ కొడవలి మొనను నిప్పులలో కాల్చి, వాడి బొడ్డు చుట్టూ మూడు వాతలు పెట్టింది. చిన్నతనంలో తనకు జరిగిన వైద్యమునే ఆమె మనుమడికి ప్రేమతో చేసింది. ఆనాడు వాడి కాళ్లను కదలకుండా పట్టుకున్నది దొయిమతియే.

నిన్న కాఫీ పళ్లు కోయుచుండగా ఆ బాలిక అకస్మాత్తుగా వంగిపోయినది. "ఏటే గుంటా, ఎక్కడే నొప్పి?" అని నాయనమ్మ అడిగింది. "మోకాలే, నాయనమ్మా." "మోకాలు నొప్పెడితే కడుపు పట్టుకున్నావేటే?" "పడిపోతానేమోనని పట్టుకున్నాను." "కోతిలాగ దుంకితే నొప్పెట్టదేటి! బేగి రా, పసరు కడతాను." మోకాలికి వాతలు పెట్టరని దొయిమతికి తెలుసు. ఇంటికి వచ్చి నాయనమ్మ ఆకులు నూరి, మోకాలికి దట్టంగా పట్టించి, గుడ్డ కట్టి, ఊటనీళ్లకు వెళ్లింది. ఆమె అడుగుల చప్పుడు దూరమైన పిదప బాలిక కట్టు విప్పి, ఆ పసరు ముద్దను గోళ్లతో గీకి, గౌను ఎత్తి, నొప్పి ఉన్నచోట కడుపుకు రాసుకుంది. తరువాత కట్టును యథాప్రకారం బిగించి, కొడవలి వైపు చూస్తూ, నాయనమ్మ తిరిగి వచ్చేలోగా కుంటడం నేర్చుకోసాగింది.