చేపల్ని ఎక్కడికని అడిగిన సారు

మా ఊళ్ళో వేటకు వెళ్ళేవాణ్ణి ‘ఎక్కడికి’ అని అడగకూడదు. అడిగితే ఆ పూట పడవ ఇసుక దాటదు. శ్రీకాకుళం జిల్లాలో మా తీరాన పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతిది. చేపల మీద పరిశోధనంటూ వచ్చిన ఆ సారుకి తెలీదు. దిగిన మర్నాడే, పడవ నెడుతున్న మా నాన్నని ఎక్కడికని పలకరించాడు. నాన్న పడవ వెనక్కి లాగేసి, "ఈడి నోట మన్ను పడా!" అంటూ ఇంటికొచ్చేశాడు.

ఆ మహానుభావుడు చేపల్ని కూడా అదే అడిగాడు. బతికున్నవాటిని కొని, పొట్ట కోసి, గొట్టం మాత్రంత యంత్రం లోపల పెట్టి కుట్టేసి, మళ్ళీ సముద్రంలో వదిలేవాడు. ఆ మాత్ర నీళ్ళలో కూత పెడుతుంటే, అడుగున అక్కడక్కడా దింపిన పెట్టెలు వింటాయట. విననీ, మాకేం పోయింది అనుకున్నాం.

మా నాన్నకొక చోటుంది. నీళ్ళ కింద రాతిగుట్ట. పడవలోంచి చూస్తూ ఒడ్డునున్న కొండనీ దీపస్తంభాన్నీ ఒక వరసలోకి తెచ్చుకుని తాత పట్టుకున్న చోటు. ఎవరి వలకీ ఏమీ పడని రోజుల్లో మా పొయ్యి వెలిగేది దానివల్లే. అదెక్కడో నాన్న అమ్మకి కూడా చెప్పలేదు.

వెళ్ళిపోయే ముందు సారు ఊరందర్నీ తుఫాను షెల్టరులో కూర్చోబెట్టి గోడ మీద సముద్రం పటం వేశాడు. చేపలు తిరిగిన చోటల్లా ఎర్ర చుక్కలు. చుక్కలన్నీ ఒక్కచోటే కుప్పపడి ఉన్నాయి. అదెక్కడో నాన్న మొహం చూస్తే నాకు తెలిసిపోయింది. పైగా సారు పళ్ళికిలిస్తూ వివరించి చెప్పాడు, దౌర్భాగ్యుడు! మా మేనత్త కొడుకు సెల్లులో ఫొటో తీసుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి పడవలన్నీ నీళ్ళ అంచున ఉన్నాయి. అందరికంటే ముందు ఆ బావదే. నాన్న వాటికి అడ్డంగా పోయి నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ అడగని మాట అడిగాడు.

"ఎక్కడికిరా?"

ఒక్కో పడవ దగ్గరికీ పోయి అడిగాడు. "సెప్పరా, ఎక్కడికి?"

బూతులు తిట్టారు. కాండ్రించి ఉమ్మారు. ఒక్కడూ ఇంజను వెయ్యలేదు. బాగా అయింది వెధవలకి అని నేను సంబరపడిపోయాను.

అప్పుడు నాన్న తన పడవకి భుజం ఆనించాడు.

బావ ఇసుకలో గొంతుక్కూర్చుని బీడీ వెలిగించుకుంటూ, "మరి నువ్వెక్కడికి ఎల్తన్నావు మావా?" అన్నాడు.

నాన్న భుజం తీసేశాడు.

ఇప్పుడు మా ఒడ్డున ఆ మాట రోజూ ఎవడో ఒకడు అడుగుతూనే ఉంటాడు.