పాళీ అరిగిన వైపు

మా మేనత్త పోయిందని మొన్న కల్లూరు నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున టీ తాగి, పేపర్ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయిందట. మా అత్త చడీచప్పుడు లేకుండా చేసిన పని ఇదొక్కటే అనుకున్నాను, ఏడుస్తూనే.

ఆమె ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు. పాత ఫౌంటెన్ పెన్నులంటే ప్రాణం. సెలవు దొరికితే మధిర స్టేషన్ దగ్గరి పాత సామాన్ల దుకాణాలు, ఖమ్మంలో మార్కెట్ వెనక సందులు తిరిగేది. ఎవరి జేబులో పెన్ను కనిపించినా మొహమాటం లేకుండా చేయి చాపేది. నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు పెన్నునూ వదల్లేదు. తిప్పి చూసి, వంటింట్లోకి వచ్చి, "పెన్ను నకిలీ, పిల్లగాడు అసలే" అని తేల్చింది. ఆయనతోనే నా పెళ్ళయింది. రెండు మాటలూ నిజమే.

పెన్ను వయసు చెప్పడానికి ఆమెకో పద్ధతి ఉండేది. ముందు గోరువెచ్చని నీళ్ళతో తడిపిన బట్టతో తుడిచేది. "ముందు కడగాలె, తర్వాత పొగడాలె" అనేది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూసేది. గంధకం వాసన వస్తే ఎబొనైటు అనే గట్టి రబ్బరు, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడు, ఏ వాసనా రాకపోతే తర్వాత వచ్చిన ప్లాస్టిక్కు. ఆ తర్వాత సిరా ఎట్లా ఎక్కుతుందో చూసి, చివరికి భూతద్దం కింద పాళీ పెట్టేది. తెలియనప్పుడు "నాకు తెల్వదు" అని నిక్కచ్చిగా చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు తగ్గేది కాదు.

ఎనభైల మొదట్లో ఆమె ముందుకు మా ఇంటి పెన్నే వచ్చింది. భద్రాచలం దారిలో అడవి అంచున ఉంటుంది మా ఊరు. తాత అక్కడ పట్వారీ. ఆయన రాసిన అర్జీల వల్లే ఊరికి బడి వచ్చిందని అందరూ చెప్పుకునేవారు. వాటిని రాసిన ఆ పెన్ను అడవుల శాఖ తెల్లదొర తాతకు ఇచ్చిన బహుమతి అని ఇంట్లో నమ్మకం. తాత పోయాక ప్రతి దసరాకూ ఆయుధపూజలో దానికి పసుపు, కుంకుమ పెట్టేవాళ్ళం. బడికి కొత్త గదులు కట్టారు. ప్రారంభం రోజు ఆ పెన్నును అద్దాల పెట్టెలో పెట్టి, కింద తాత పేరూ, పెన్ను కాలమూ రాయించాలని మా నాన్న ముచ్చట. కాలం చెప్పమని అక్కను పిలిపించాడు.

అత్త పసుపంతా తుడిచింది. రుద్ది వాసన చూసింది. మళ్ళీ రుద్దింది.

"తమ్ముడూ, ఇది ప్లాస్టిక్‌ది. అచ్చు పోసిన గీత గూడ కనబడుతున్నది. తెల్లదొరలు పోయినంక వచ్చిన సరుకు."

నాన్న మొహం మాడిపోయింది. "దొర ఇయ్యకుంటే మానె. నాయిన రాసిందైతే అవ్ గదా?"

అత్త భూతద్దం అందుకుంది. చాలాసేపు పాళీ కొనను చూసి, మెల్లగా తలెత్తింది. "నాయినది కుడి చెయ్యి. ఇది అరిగింది రెండో వైపు. పుర్రచేతోళ్ళు ఏండ్లకేండ్లు రాస్తే గిట్ల అరుగుతది."

మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే. గడప దగ్గర చింతపండు గింజలు తీస్తున్న నాయనమ్మ, ఎడమచేతిని కొంగులోకి లాక్కుంది.

"అమ్మా, ఏంది, నువ్వా?" అంది అత్త.

నాయనమ్మది కృష్ణా జిల్లా వైపు ఊరు. పుట్టింట్లోనే చదువు నేర్చుకుంది. "మీ నాన్న చదివింది ఉర్దూ అమ్మా. తెలుగు చదివేవాడు కానీ రాత రాదు. పట్వారీకి తెలుగు రాదంటే నామోషీ కదా! అర్జీలన్నీ ఆయన చెప్పేవాడు, నేను తలుపేసుకుని రాసేదాన్ని. ఎడమచేత్తో రాస్తే అరిష్టమని మా అత్తగారు ఒప్పుకునేది కాదు."

నాన్న పెన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "ఊరంతా నాయిన పేరే చెప్తున్నది. ఇప్పుడు కాదంటే ఏం బాగుంటది అక్కా?" అన్నాడు.

"నాయిన పేరు ఎవలు తీసేస్తున్నరు? ఆఫీసుల చుట్టూ తిరిగింది నాయిన. రాసింది అమ్మ. రెండూ రాయి. సగం రాస్తనంటే మాత్రం నేను కాలం చెప్ప, పెట్టె కాడికి రాను."

తండ్రంటే అత్తకు ఎంత ప్రేమో మాకు తెలుసు. ఆయన పేరు పక్కన ఇంకో పేరు చేర్చమని ఆమే పట్టుబట్టడం చూసి నాకు ఒళ్ళు పులకరించింది. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే, నేను ఆమె మేనకోడలినని పదిమందికీ చెప్పుకోవాలనిపిస్తుంది.

నాన్న రెండూ రాయించాడు. ప్రారంభం రోజు హెడ్మాస్టరు నాయనమ్మను వేదిక మీదకు పిలిచి, ఆ పెన్నుతోనే పిల్లల కోసం ఒక మాట రాయమన్నారు. ఆమె కుడిచేత్తో పెన్ను అందుకుని బిగుసుకుపోయింది. అత్త పక్కన నిలబడి, "నీ చేత్తోనే రాయమ్మా" అంది, ఊరంతా వినేలా.

నాయనమ్మ పెన్ను చేయి మార్చుకుంది. 'బాగా చదువుకోండి' అని గుండ్రంగా రాసింది. రాస్తున్నంతసేపూ అరచేయి తడి సిరా మీదుగా జరిగింది. ఆమె చేతి మరక తుడుద్దామని నేను కొంగు తీయబోతే, అత్త నా చేయి పట్టుకుని ఆపింది. "ఉండనియ్యి."

జనం ఒక్కొక్కరే వచ్చి పలకరిస్తుంటే నాయనమ్మ రెండు చేతులూ జోడించి దండాలు పెడుతూనే ఉంది. ఎడమ అరచేతి అంచంతా నీలంగా ఉంది. పెన్ను అద్దాల పెట్టెలోకి వెళ్ళిపోయింది. పెన్నులంటే ప్రాణమిచ్చే మా అత్త, ఆ రోజు దాని వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. వాళ్ళమ్మ చేతినే చూస్తూ నిలబడింది.