షమీమక్క ఆళ్లగడ్డకు పోయిన రోజు

మొన్న ఆదివారం వంటింట్లో చింతపండు పిసుకుతుంటే హాల్లో టీవీలోంచి ‘టింగ్’ మని శబ్దం వచ్చింది. చేతుల నుంచి పులుసు కారుతుండగానే బయటికి వచ్చాను. మా ఆయన నెల రోజులుగా వదలకుండా చూస్తున్న సీరీస్ అది. ఊరంతా కెమెరాలు, వాటి వెనక సొంతంగా ఆలోచించే ఒక యంత్రం, అది ఎవరిని దొంగ అంటే వాళ్లే దొంగ. ఇంకొక్క ఎపిసోడ్‌తో కథ ముగుస్తుందట. తెర మీద జనం మధ్య నడుస్తున్న ఒకామె ముఖం చుట్టూ ఆకుపచ్చ గీతలు పడ్డాయి, పక్కన పేరు పడింది, టింగ్ అంది. ఆమె ‘నేను కాదు’ అని మొత్తుకుంటోంది. చల్లటి గదిలో కూర్చున్న ఆఫీసర్లు మాత్రం ఆమె మాట వినకుండా తెరలకేసి చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. “ఒక్కరన్నా కుర్చీలోంచి లేసి, ఆడికి పోయి చూడొచ్చు గదా. పక్క వీధిలోనే ఉండాది ఆయమ్మ” అన్నాను. “పోయి చూస్తే కథ ఈడికే అయిపోతది. ఇంగ చివరి ఎపిసోడ్‌లో ఏం చూపిస్తారు?” అన్నాడు మా ఆయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఆయన అన్నదీ నిజమే. కానీ ఆ టింగ్ శబ్దం నాకు కొత్త కాదు. నేను పనిచేసిన షాపుకు ముఖాలు గుర్తుపట్టే మిషన్ మొదటిసారి వచ్చినప్పుడు, దానిదీ అచ్చం అదే శబ్దం. ఆ శబ్దాన్ని నమ్మి ఊరుకోకుండా, బస్సెక్కి వెళ్లి చూసిన మనిషి ఒకామె ఉండేది. ఆమె పేరు షమీమ్. నంద్యాలలో సీసీ కెమెరాలు బిగించే షాపు ఆమెది. నాకు పని నేర్పింది ఆమే. రెండేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. ఆమె గురించి పేపర్లో ఎవరూ రాయలేదు, రాస్తారని ఆమె అనుకోనూ లేదు. అందుకని నాకు తెలిసినంత నేను చెబుతాను.

షమీమక్క భర్త టీవీలు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆ కొట్టును ఆమె కెమెరాల షాపుగా మార్చింది. పొట్టి మనిషి. దుపట్టా కొంగు నడుముకు బిగించి, నోట్లో వక్కాకు పెట్టుకుని, నిచ్చెన ఎక్కిందంటే మగవాళ్లు కింద నిలబడి పట్టుకోవాల్సిందే. నేను డిగ్రీ అయ్యాక బిల్లులు రాసే పనికి చేరాను. చేరిన వారానికే, “బిల్లులు ఎవురైనా రాస్తారు మే, నిచ్చెన ఎక్కు” అంది. భయమేస్తోందన్నాను. “నాకూ భయమే. అందుకే కింద చూడను” అంది. అంతే, ఆ పూటే నా చేత డ్రిల్లు పట్టించింది. ఆమె పొగిడేది కాదు. పని బాగుంటే ఏమీ అనేది కాదు, బాగాలేకపోతే విప్పించి మళ్లీ చేయించేది. మొదట్లో ఆమె అంటే నాకు కోపంగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కెమెరా ఎక్కడ పెట్టినా, మేకు కొట్టకముందే ఓనరును తీసుకెళ్లి దాని కింద కూర్చోబెట్టేది. తెరను పనివాళ్ల ముందు పెట్టి, “కాసేపు మీ సేటును మీరు చూడండి” అనేది. ఒక మిఠాయి దుకాణం ఓనరు, లడ్డూలు చుట్టే ఆడవాళ్ల నెత్తి మీదే కెమెరా కావాలన్నాడు. ఆయన్ను వాళ్ల పీట మీద కూర్చోబెట్టింది. పాపం, ఆ పెద్దమనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొట్ట గోక్కున్నాడు, లుంగీ సర్దుకున్నాడు, తుమ్మాడు. ఆడవాళ్లు తెర చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. “ఏందీ, ఇట్ల కనపడతాదా?” అన్నాడాయన. “ఇట్లనే కనపడతాది సేటూ. రోజంతా” అంది షమీమక్క. ఆయన లేచి, కెమెరాను గల్లాపెట్టె వైపు తిప్పమన్నాడు. ఈ పద్ధతి వల్ల బేరాలు పోయేవి కూడా. నేను సణిగితే వినిపించుకునేది కాదు.

ముఖాలు గుర్తుపట్టే మిషన్ ఆ తర్వాత వచ్చింది. కంపెనీ అతను మెరిసే బూట్లతో వచ్చి, ముందు ఒకచోట పెట్టి చూపించమన్నాడు. అది బాగా నడిస్తే జిల్లా మొత్తానికి డీలర్‌షిప్ షమీమక్కకే ఇస్తామన్నాడు. ఆమె ఆళ్లగడ్డలో కేశవాచారి గారి శిల్పాల యార్డును ఎంచుకుంది. దేవుళ్ల విగ్రహాలు చెక్కి ఎక్కడెక్కడి గుళ్లకో పంపే యార్డు అది. పనివాళ్ల ముఖాలు మిషన్‌కు ఒకసారి చూపిస్తే చాలు, ఆ తర్వాత ఎవరు లోపలికి వచ్చినా ఆచారి ఫోన్ టింగ్ అంటుంది, చిన్న ఫొటో, పేరు, టైము పడతాయి. రెండు వారాలు అంతా సజావుగా నడిచింది. షమీమక్క షాపుకు కొత్త బోర్డు గురించి కూడా మాట్లాడింది. ఆమె అలా ముందు సంగతులు మాట్లాడడం నేను అప్పుడే విన్నాను.

ఒక సోమవారం పొద్దున ఆచారి ఫోన్ చేశాడు. యార్డులో పూర్తయిన చిన్న లక్ష్మీదేవి విగ్రహం మాయమైంది. ఆదివారం సెలవు, గేటుకు తాళం. అయినా సాయంత్రం నాలుగున్నరకు మిషన్ ఓబులేసు పేరు చెప్పింది. ఓబులేసు ఆ యార్డులో కళ్లు, పెదవులు చెక్కే పనివాడు. “నీ మిషన్ బంగారమమ్మా, పేరుతో సహా పట్టిచ్చింది” అని ఆచారి సంతోషంగా చెబుతున్నాడు. షమీమక్క ముఖంలో సంతోషం లేదు. “ఓబులేసు ఏమంటాండాడు?” అంది. “ఏమంటాడు? పెండ్లాం కాన్పని నంద్యాల ఆస్పత్రిలో ఉన్న్యానంటాడు. ఆడ రాసుకునేది పెండ్లాం పేరు గాని వీని పేరా? మధ్యలో వచ్చి పోయింటాడు.” ఫోన్ పెట్టేసి ఆమె కంపెనీ అతనికి చేసింది. మిషన్ తప్పు చెప్పదని, అనవసరంగా వెళ్లి కెలకొద్దని, డీలర్‌షిప్ కాగితాలు సంతకానికి సిద్ధంగా ఉన్నాయని అతను చెప్పాడు. ఆమె అంతా విని, షట్టరు దించమని నాకు సైగ చేసింది. “ఫోన్‌లో ఫొటో పంపించమంటే చాలదా అక్కా?” అన్నాను. “ఫొటో ఆయప్ప చూసినాడు గదా. మనం పోయి చూడల్ల” అంది.

యార్డు గేటు బయట రాయి మీద ఓబులేసు కూర్చుని ఉన్నాడు. ఆచారి అతని ఉలుల సంచి లాగేసుకుని, అందరి ముందు దొంగ అన్నాడట. ఆళ్లగడ్డలో శిల్పి మీద విగ్రహం దొంగ అన్న పేరు పడితే ఇక ఏ యార్డులోనూ ఉలి పట్టనివ్వరు. అతనికి వేరే పని రాదు. పైగా రెండు రోజుల పసిబిడ్డ. షమీమక్క అతని ముందు నిలబడి, “నేనే ఆ మిషన్ పెట్టింది. నువ్వు వచ్చినావా అప్పా నిన్న?” అని అడిగింది. “రాల్యా” అన్నాడు. ప్రమాణం చెయ్యలేదు, ఏడవలేదు. “సరే, లోపలికి రా” అంది.

లోపల పనివాళ్లంతా తలలు వంచుకుని రాళ్లు కొడుతున్నారు. జుట్టు, కనుబొమలు, ముఖం అన్నీ బూడిదరంగు దుమ్మే. ఆచారి ఫోన్ తీసి ఫొటో చూపించాడు. నేనూ చూశాను. గోరంత ఫొటో, దుమ్ము కొట్టుకున్న ముఖం. ఓబులేసే. అనుమానం లేదు. నాకు వెనక్కి వెళ్లిపోవాలనిపించింది. షమీమక్క మాత్రం కెమెరా కింద ఒక రాతిదిమ్మె వెతుక్కుని కూర్చుంది. “నాలుగున్నర దంక ఈడనే కూచుంటా. అందరూ నా వెనక్కి రాండి, కెమెరా ముందర ఎవురూ ఉండొద్దు” అంది. “ఏమొస్తది దాని వల్ల?” అన్నాడు ఆచారి. “ఏమో. నిన్న అది ఏం చూసిందో నేనూ చూడల్ల గదా.” ఆచారి విసుక్కుంటూనే పని ఆపించాడు. ఉలుల మోత ఆగేసరికి యార్డు మరీ బోసిపోయినట్టనిపించింది. ఓబులేసు మా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొద్దు పడమటికి వాలేకొద్దీ ఎండ రేకుల షెడ్డు కిందికి కొద్దికొద్దిగా వచ్చింది.

టింగ్ అంది. ఆచారి ఫోన్ చూసుకున్నాడు. ఆయన చేతిలోంచి నేను తీసుకుని చదివాను. ‘ఓబులేసు. లోపలికి వచ్చారు.’ ఓబులేసు నా మోచేతి పక్కనే ఉన్నాడు. కెమెరా ఎటు చూస్తోందో అటు అందరం చూశాం. షెడ్డు చివర మనిషెత్తు ద్వారపాలకుడి విగ్రహం, ముఖం మీద నిండుగా ఎండ.

తర్వాత ఓబులేసే చెప్పాడు. శిల్పులు కళ్లు ఆఖరున చెక్కుతారు. గర్భగుడి విగ్రహమైతే గుడిలోనే కళ్లు తెరుస్తారు, ద్వారపాలకుడికైతే యార్డులోనే. ఆ విగ్రహం కళ్లు లేకుండా రెండు వారాలు కెమెరా ముందే ఉంది, మిషన్ దాన్ని రాయి కిందే లెక్కేసింది. శనివారం సాయంత్రం ఓబులేసు కళ్లు పూర్తిచేసి ఆస్పత్రికి వెళ్లాడు. “రెప్పల గీత కుదరకపోతే అద్దంలో నా కండ్లే చూసుకుంటా చెక్కినా. ఇంత పని అయితాదనుకోల్యా” అన్నాడు. అంతకుముందు ఫొటోలో ఆ బూడిదరంగు ముఖం మాకెవ్వరికీ వింతగా అనిపించలేదు. సెలవురోజు ముఖాన దుమ్మెందుకు ఉంటుందని ఆచారికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆ యార్డులో మనుషులది, విగ్రహాలది ఒకటే రంగు.

ఒకరిద్దరు నవ్వారు. ఆచారి కూడా నవ్వి, “పోనీలే, ఆ బొమ్మకు గుడ్డ కట్టేస్తే సరి” అన్నాడు. షమీమక్క నవ్వలేదు. ముందు ఓబులేసు వైపు తిరిగి, “తప్పు నాది అప్పా. నా మిషన్ వల్ల మాట పడినావు” అని అందరికీ వినపడేలా అంది. తర్వాత ఆచారితో, “అందరి ముందర అంటివి. అందరి ముందరే వెనక్కి తీసుకో” అంది. ఆయన చాలాసేపు మీసం సవరించుకున్నాడు. చివరికి లోపలికి వెళ్లి ఉలుల సంచి తెచ్చి, తన చేతులతో ఓబులేసు చేతికిచ్చి, “నాది పొరపాటురా” అన్నాడు. ఓబులేసు సంచి తీసుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. షమీమక్క నిచ్చెన తెప్పించి, గుడ్డ కట్టడం కాదు, మిషన్‌నే విప్పి సంచిలో వేసుకుంది. డీలర్‌షిప్ ఇంకెవరికో వెళ్లింది. కొత్త బోర్డు రాలేదు. ఆ లక్ష్మీదేవి విగ్రహం ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె, పక్కన నేను. శిరివెళ్ల దాటాక ధైర్యం చేసి అడిగాను. “అక్కా, ఓబులేసు దొంగ కాదని నీకు ముందే తెలుసా?”

“నాకేం తెలుసు?”

“ఒకేళ నిజంగా ఆయప్పే తీసింటే? డీలర్‌షిప్ పోయి, ఇంత దూరం వచ్చి, ఊరికే అయిపోయేది గదా.”

ఆమె నన్ను మొద్దును చూసినట్టు చూసింది. “తీసింటే తీసినాడని తెలిసేది. అది తెలుసుకునేకి గూడా రావల్ల గదా మే” అని కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

ఇప్పుడు నాకూ ఒక చిన్న షాపుంది. నేనూ కెమెరాలు బిగిస్తాను. పోయిన నెల పాణ్యంలో ఒక ఎరువుల దుకాణం నుంచి ఫోన్ వచ్చింది, కెమెరాలో గుమాస్తా దొరికాడని. పని పక్కన పెట్టి బస్సెక్కాను. ఆ గుమాస్తాతో మాట్లాడాను, అతను చెప్పిన మాటలన్నీ విన్నాను, దొంగతనం జరిగిన టైము మళ్లీ వచ్చేదాకా ఆ గోదాములో మందుల వాసనకు తలనొప్పి తెచ్చుకుంటూ కూర్చున్నాను. తీసింది అతనే. చివరికి తనే ఒప్పుకున్నాడు. ఇంటికి వచ్చాక మా ఆయన, “ఆ మాట కెమెరా పొద్దున్నే చెప్పింది గదా, ఒక రోజు పోగొట్టుకుంటివి” అన్నాడు. నాకు అలా అనిపించలేదు.