తొందరపడని ఫ్లెక్సీ మిషను

చంద్రశేఖరరావు బాబాయికి ఊపిరి పిచ్చి. నిద్రపోతున్న మనవరాలి దగ్గర్నుంచి పంచరు వేసిన ట్యూబు దాకా దేనికైనా చెవి ఆనించి, "ఆడతాంది" అంటే గానీ ఆయనకు ముద్ద దిగదు. ఒకసారి పెళ్లిలో కునుకు తీస్తున్న వియ్యంకుడి ముక్కు కింద వేలు పెట్టి తిట్లు తిన్నాడు.

మార్కాపురంలో ఆయన ఫ్లెక్సీ దుకాణంలో నేను డిజైనర్ని. "వసుంధరా, ఇంకు చల్లే హెడ్డు వెనక నుంచి గాలి ఇంకును పీల్చి పట్టుకోవాల. పట్టు తగ్గితే ఇంకు కారతాది. ఎక్కువైతే చుక్క రాలదు. మనిషికైనా అంతే" అనేవాడు. ఏం అంతేనో నాకిప్పటికీ తెలియదు.

బల్ల కింద ఫ్యాను కూడా గాలి పీల్చి ఫ్లెక్సీని అదిమి పడుతుంది. శ్రద్ధాంజలి బొమ్మ పడుతుండగా కరెంటు పోతే ఆ పట్టు వదిలేది. మిషను నిట్టూర్చేది. బొమ్మలోని పెద్దాయన ఛాతీ మెల్లగా పైకి లేచేది. నేను అప్పటికే వీధిలో ఉండేదాన్ని. బాబాయి మాత్రం ఆ ఛాతీకి చెవి ఆనించి, "ఏం లేదులే, రా" అని పిలిచేవాడు.

అంతకన్నా భయపెట్టేది ఇంకొకటుంది. మనిషి మంచం పట్టగానే శ్రద్ధాంజలి ఆర్డరిచ్చే ఆత్రగాళ్లకు మా వైపు కొదవ లేదు. అలాంటి బొమ్మలు మా మిషను వేసేది కాదు. హెడ్డు అటూ ఇటూ తిరిగేది, ఫ్లెక్సీ తెల్లగానే ఉండేది. మనిషి పోయాడని కబురు రాగానే అదే మొహం నుదుటి నుంచి చకచకా దిగేది. మిషనుకు ముందే తెలుస్తుందని ఊరంతా గుసగుసలు. "మా నాయన ఫోటో వేసి చూడన్నా. పడకపోతే గుంటూరు ఆస్పత్రికి తీసకపోతాం" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఒకరోజు అర్ధవీడు నుంచి పాపయ్య వచ్చాడు. గొర్రెల కాటమరాజు అతని మేనమామ, ఒంగోలు ఆస్పత్రిలో ఉన్నాడు.

"మామ పోయినట్టేనంట. సాయంత్రానికి ఊరి మొగదల కట్టాల."

"మీ అత్తో?" అన్నాడు బాబాయి.

"సుబ్బులమ్మత్త ఆస్పత్రికి బట్టలు తీసకపోను సాయంత్రం బస్సుకు వస్తాంది. మేం మర్చిపోలేదని ఆమెకూ తృప్తి."

"ఆమె నంబరియ్యి. పేర్లు సరిచూసుకోవాల" అని బాబాయి మిషనుకు చెవి ఆనించాడు. "ఊపిరి కుదరలా, కూర్చో."

హెడ్డు తిరిగింది. తెలుపు. మళ్లీ తిరిగింది. తెలుపే. పాపయ్యకు చెమటలు పట్టాయి. గొట్టం ఊడిందేమోనని నేను వెనక్కి వెళ్లి చూస్తే, బాబాయి ఒక చేత్తో గాలి నాబ్ బిగిస్తున్నాడు. పీల్చే పట్టు అంత పెంచితే ఇంకు చుక్క ఎక్కడ రాలుతుంది? రెండో చేతిలో ఫోను.

"ఎట్లుండాడమ్మా సుబ్బులమ్మా? గంజి తాగినాడా? మంచిది."

"వేయనని చెప్పొచ్చు కదా బాబాయ్?" అన్నాను.

"నేను కాదంటే పక్క దుకాణంలో వేయించుకుంటాడు. ఆయమ్మ బస్సు దిగతానే మొగుడి బొమ్మకు దండ చూస్తాది. మిషనే వేయలా అంటే ఇంకెవురూ ముట్టుకోరు."

ఇన్నాళ్లూ ఆ మిషనుకు జడిసి కట్టించుకున్న తాయెత్తులు తలుచుకుంటే ఒళ్లు మండింది. అయినా ఆ మనిషి మీద అంత ఇష్టం నాకెప్పుడూ కలగలేదు. ముందుకు వచ్చి, గొంతు తగ్గించి, "మిషను ఒప్పుకోవడం లేదన్నా" అన్నాను. పాపయ్య చెప్పులు వదిలేసి పోయాడు.

నెల తిరక్కముందే కాటమరాజు కర్ర పట్టుకుని దుకాణానికి వచ్చాడు. వెనకే పాపయ్య, తల దించుకుని. కాటమరాజు తన ఫోటో చూపించమని అడిగి, కంప్యూటరు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నేనింత బాగుంటానని మా ఆడది ఒక్కనాడూ చెప్పలా. దండ ఉండనీ. పైన రాసింది తీసేసి కొట్టు నాయనా."

"ఏం రాయాల పెద్దాయనా?" అన్నాను.

"ఇంకా ఉండాడని రాయి."

బాబాయి నాబ్ వదులు చేశాడు. మీసాల దాకా బొమ్మ దిగేసరికి కాటమరాజు తన మీసం సర్దుకున్నాడు. ఆ ఫ్లెక్సీని ఊరి మొగదల కట్టే పని పాపయ్యకే పడింది.